టవర్ లేని ఎయిర్‌పోర్టులో ఒకరికొకరు అడ్డు రాకుండా ఎగరడం, దిగడం

టవర్ అంటే ఏ విమానం ఎప్పుడు ఎగరాలో, ఎప్పుడు దిగాలో చెప్పే కేంద్రం. అది లేని ఎయిర్‌పోర్టులో రేడియో మీట నొక్కి మీ ఉద్దేశం చెప్పినంత మాత్రాన దారి మీదైపోదు. నా దగ్గర విమానం నడపడం నేర్చుకునేవాళ్లకు మొదట్లోనే ఈ మాట చెబుతాను. ఒంటరిగా ఎగరడం మొదలుపెట్టేసరికి మరిచిపోతారు. ఎవరైనా అడ్డొచ్చిన రోజున దిగి వచ్చి, "మేడమ్, నేను ముందే చెప్పాను కదా" అంటారు. చెప్పావు నాయనా, ఎవరు విన్నారు? విన్నవాళ్లకు ఏమర్థమైంది? అర్థమైనవాళ్లు నీకోసం ఏదైనా మార్చుకున్నారా? ఈ మూడింటికీ జవాబు తెలిసేదాకా నువ్వు చెప్పింది గాలిలో కలిసిన మాటే.

నేను నేర్పేది అమెరికా నియమాల ప్రకారం. అక్కడ ప్రజల వాడకానికి తెరిచిన ఎయిర్‌పోర్టులు సుమారు 5000 ఉంటే, టవర్ ఉన్నవి 500 పైచిలుకు మాత్రమే. మిగతా చోట్ల ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చే నాథుడు ఉండడు. చాలాచోట్ల రేడియో ఉండి తీరాలన్న నియమం కూడా లేదు. విద్యుత్ వ్యవస్థే లేని పాతకాలపు విమానం ఒకటి నోరు మెదపకుండా వచ్చి మీ ముందు దిగి వెళ్లిపోతే, అది నియమం తప్పినట్టు కాదు. దాన్ని చూడకపోతే తప్పు మీదే.

మైళ్లు కాదు, నిమిషాలు

ప్యాటర్న్ అంటే రన్‌వే పక్కన గాలిలో గీసుకున్న దీర్ఘచతురస్రం. ఎగిరిన దిశలోనే ముందుకు పోయి, పక్కకు మళ్లితే క్రాస్‌విండ్. ఇంకోసారి మళ్లి, రన్‌వేకు సమాంతరంగా వెనక్కి వచ్చేది డౌన్‌విండ్. అక్కడి నుంచి రన్‌వే వైపు మళ్లితే బేస్, ఇంకోసారి మళ్లితే రన్‌వేకు సూటిగా దిగే దారి, ఫైనల్. వేరే సూచన లేకపోతే మలుపులన్నీ ఎడమకే. ఎత్తు సాధారణంగా నేలమీదుగా 1000 అడుగులు, జెట్‌ల లాంటి టర్బైన్ ఇంజన్ విమానాలకు 1500. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే, పరీక్షలో అందరూ రాసేదే. చిక్కంతా ఈ దీర్ఘచతురస్రంలోకి రెండు వేర్వేరు వేగాల విమానాలు వచ్చినప్పుడు మొదలవుతుంది.

"ఫైనల్‌లో 4 మైళ్లు" అని రేడియోలో వినిపిస్తే కొత్త పైలట్ తన వేగంతో లెక్కేసుకుంటాడు. తను ఫైనల్‌లో 70 నాట్లతో, అంటే గంటకు 70 నాటికల్ మైళ్ల వేగంతో వస్తాడు (ఇక్కడ మైలంటే నాటికల్ మైలే). ఆ లెక్కన 4 మైళ్లంటే మూడున్నర నిమిషాలు. చాలా సమయం ఉందనుకుని బేస్‌లోకి తిరుగుతాడు. చెప్పిన వ్యక్తి రెండు ఇంజన్ల విమానంలో 180 నాట్లతో వస్తుంటే? నిమిషానికి 3 మైళ్లు. అంటే 80 సెకన్లలో రన్‌వే అంచున ఉంటాడు. మనవాడు బేస్‌లోకి తిరిగి చక్రాలు నేల తాకించడానికి పట్టేది కూడా ఇంచుమించు ఒకటిన్నర నిమిషమే. ఇద్దరూ నిజమే చెప్పారు, ఇద్దరూ విన్నారు, అయినా ఇద్దరూ ఒకే చోటికి ఒకే సమయానికి చేరుతున్నారు.

2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో జరిగింది ఈ కోవకు చెందినదే. రెండు సీట్ల చిన్న విమానం సెస్నా 152 ఒకటి ప్యాటర్న్‌లో తిరుగుతోంది. రెండు ఇంజన్ల సెస్నా 340 ఒకటి 10 మైళ్ల దూరం నుంచి నేరుగా రన్‌వే 20కి (ఆ అంకె రన్‌వే దిశ, సుమారు 200 డిగ్రీలు) వస్తున్నానని చెప్పింది, 3 మైళ్ల దగ్గర మళ్లీ చెప్పింది, 1 మైలు దగ్గర మళ్లీ చెప్పింది. 152 పైలట్ బేస్‌లోకి తిరుగుతున్నానని చెప్పాడు. వెనక నుంచి అది వేగంగా మీదికొస్తోందని గ్రహించి దిగడం మానుకుంటున్నానని కూడా చెప్పాడు. 340 వేగం సుమారు 180 నాట్లు. రన్‌వేకు కాస్త ఇవతల రెండూ ఢీకొన్నాయి, ముగ్గురు చనిపోయారు. ఆ రోజు రేడియోలో మాటలకు కొదవ లేదు. ఇద్దరూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉన్నారు, పట్టపగలు.

అందుకే నా విద్యార్థులకు ఒక అలవాటు చేస్తాను. ఎవరైనా దూరం చెప్పగానే దాన్ని నిమిషాల్లోకి మార్చుకోవాలి. విమానం రకం వినగానే దాని వేగం అంచనా తెలియాలి: రెండు సీట్ల శిక్షణ విమానమైతే నిమిషానికి మైలుంపావు, రెండు ఇంజన్లదైతే 2 మైళ్లు, చిన్న జెట్ అయితే అంతకంటే ఎక్కువ, ఇంకా వేగం తగ్గించుకోకపోతే 3. తెలియకపోతే అడగాలి. "ఎన్ని నిమిషాల్లో రన్‌వే దగ్గరుంటారు?" అన్న ప్రశ్నకు ఎవరూ కోప్పడరు. మీరే వేగంగా వచ్చేవాళ్లయితే అడగకముందే చెప్పండి. "5 మైళ్లు, రెండు నిమిషాలు" అంటే చాలు, ప్యాటర్న్‌లో ఉన్న కుర్రాడికి బొమ్మ కట్టినట్టు కనిపిస్తుంది.

బొమ్మ అంటే నిజంగానే బొమ్మ. ఇంజన్ స్టార్ట్ చేయకముందే తొడకు కట్టుకునే రాతపలక మీద ఒక గీత గీయిస్తాను, అది రన్‌వే. చుట్టూ దీర్ఘచతురస్రం, ఉత్తరం ఎటో ఒక బాణం. పది మైళ్ల దగ్గర ఫ్రీక్వెన్సీ మార్చిన క్షణం నుంచి వినిపించిన ప్రతి విమానానికీ ఆ బొమ్మ మీద ఒక చుక్క, పక్కన రకం పేరులోని మొదటి అక్షరం. డౌన్‌విండ్‌లోకి చేరాక నేను ఒకటే అడుగుతాను: మనం కాక ఎంతమంది, ఎవరెక్కడ? చెప్పలేకపోతే బేస్‌లోకి తిరగనివ్వను. కొన్నాళ్లకు పలక అక్కర్లేకుండా పోతుంది.

రేడియోలో ఏం చెప్పాలి, ఏం వద్దు

అమెరికా పౌర విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ తన సలహా పత్రం 90-66ను 2023లో సవరించింది. దాని ప్రకారం 10 మైళ్ల దూరంలోనే వినడం, చెప్పడం మొదలుపెట్టాలి. చెప్పేది ఇలా ఉండాలి: "ఫలానా ట్రాఫిక్, సెస్నా 152, ఆగ్నేయాన 10 మైళ్లు, 2500 అడుగులు, 45 డిగ్రీల కోణంలో రన్‌వే 20 ఎడమ డౌన్‌విండ్‌లోకి వస్తున్నాను, దిగి ఆగిపోతాను, ఫలానా." ఎయిర్‌పోర్టు పేరు మొదట్లో ఒకసారి, చివర ఒకసారి. చాదస్తమనిపించవచ్చు. కానీ 122.8 లాంటి ఒకే ఫ్రీక్వెన్సీని చుట్టుపక్కల నాలుగైదు ఎయిర్‌పోర్టులు వాడుకుంటాయి. మొదటి పదం తెగిపోయినా చివరి పదమైనా వినిపిస్తే, మీరు వాళ్ల రన్‌వే 20 మీదికి రావడం లేదని అటువాళ్లకు ఊరట.

అక్కడున్నవాళ్లంతా తమ తమ స్థానాలు చెప్పండి అని గాలిలోకి అడిగే అలవాటు కొందరికి ఉంది. ఎఫ్‌ఏఏ దీన్ని వద్దంటుంది, నాకైతే ఒళ్లు మండుతుంది. ఐదుగురు ఒకేసారి మీట నొక్కితే ఏమవుతుంది? విమాన రేడియో ఏఎం పద్ధతిలో పనిచేస్తుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే మూడోవాడికి కీచుమనే రొద తప్ప ఒక్క ముక్క తెలియదు. మాట్లాడిన ఇద్దరికీ ఆ రొద కూడా వినపడదు, ఎందుకంటే మీట నొక్కి ఉన్నంతసేపూ మీ రేడియో చెవిటిది. తమ మాట అందరికీ చేరిందనే ఇద్దరూ నిశ్చింతగా ఉంటారు. అందుకే రొద విన్న మూడోవాడు ఎవరైనా సరే, ఇద్దరు కలిసి మాట్లాడారని వెంటనే చెప్పాలి. మాటలు కుదించుకోవాలి. మీట నొక్కేముందు ఒక్క క్షణం ఆగి వినాలి.

ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్‌లో, అంటే బయటికి చూసి కాక పరికరాల ఆధారంగా దిగే దారిలో వచ్చేవాళ్లది మరో జబ్బు. చార్టులో ఉండే ఐదక్షరాల బిందువు పేరు చెప్పి, దాన్ని దాటామంటారు. పట్టుమని పాతిక గంటలు ఎగరని విద్యార్థికి ఆ పేరు తెలిసే వీలే లేదు. ఎటు దిక్కున, ఎన్ని మైళ్లు, ఎంత ఎత్తు అని చెబితే అందరికీ అర్థమవుతుంది.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైనది, మనం అడిగిన ప్రశ్నకు ఇంకెవరో జవాబివ్వడం. 1996 నవంబర్ 19న ఇల్లినాయ్ రాష్ట్రంలోని క్విన్సీలో ప్రయాణికులతో ఒక బీచ్ 1900 విమానం రన్‌వే 13 మీద దిగడానికి వస్తోంది. ఆ రన్‌వేను అడ్డంగా కోసే రన్‌వే 04 మొదట్లో కింగ్ ఎయిర్ అనే రెండు ఇంజన్ల విమానం, దాని వెనక ఎగరడానికి వేచి ఉన్న చెరొకీ అనే చిన్న విమానం. బీచ్ సిబ్బంది కింగ్ ఎయిర్‌ను ఉద్దేశించి, మీరు ఆగుతారా, ఎగురుతారా అని అడిగారు. కింగ్ ఎయిర్ పలకలేదు. వెనకున్న చెరొకీ పైలట్ తాను ఆగి ఉన్నానని చెప్పాడు. సరిగ్గా ఆ మాటల మీదే కాక్‌పిట్‌లో ఎత్తును హెచ్చరించే యంత్రం గొంతు అడ్డుపడింది. చెప్పింది కింగ్ ఎయిరేనని సిబ్బంది నమ్మి దిగారు. కింగ్ ఎయిర్ పరుగు మొదలుపెట్టేసింది. రెండు రన్‌వేలు కలిసేచోట ఢీకొన్నాయి. రెండు విమానాల్లోని 14 మందీ చనిపోయారు. కింగ్ ఎయిర్‌లోని పైలట్లు ఫ్రీక్వెన్సీ వినకపోవడం, చుట్టూ చూడకపోవడం అసలు కారణమని దర్యాప్తు సంస్థ తేల్చింది.

దీని నుంచి నేను నేర్పేది రెండే ముక్కలు. ఎవరినైనా అడిగితే వారి విమానం రకం కూడా జవాబులో వినిపించాలి, లేకపోతే జవాబు రానట్టే. మీకు సంబంధించని ప్రశ్నకు మీరు నోరు విప్పాల్సి వస్తే ముందు మీరెవరో, మీరు అడిగిన విమానం కాదని చెప్పి, ఆ తర్వాతే మిగతాది.

కళ్లు

ఎదుటి విమానం కంటపడిన క్షణం నుంచి మీ విమానం పక్కకు తప్పుకునేదాకా 12.5 సెకన్లు పడుతుందని ఎఫ్‌ఏఏ పత్రాలు లెక్క కట్టాయి. అందులో చేతులు కదపడానికి పట్టేది 0.4 సెకను మాత్రమే. ఢీకొనే దారిలో ఉన్నామని గుర్తించడానికి 5 సెకన్లు, ఎటు తిరగాలో తేల్చుకోవడానికి 4. అంటే ఆలస్యమంతా బుర్రలోనే. 180 నాట్లతో వచ్చే విమానం ఆ 12.5 సెకన్లలో కిలోమీటరుకు పైగా ముందుకొస్తుంది.

పైగా ఢీకొనబోయే విమానం అద్దంలో కదలదు. పక్కకు జరిగిపోతున్నది మిమ్మల్ని తాకదు. ఉన్నచోటే ఉండి మెల్లగా పెద్దదయ్యేదే తాకుతుంది. మన కళ్లు కదిలేవాటినే పట్టుకుంటాయి కాబట్టి ఇది అద్దం మీద మచ్చలా కనిపించి తప్పించుకుంటుంది. అందుకే ఎగిరే ముందు అద్దం తుడవమంటాను. చూపును ఆకాశమంతా ఒక్క ఊపున తిప్పితే ఏమీ కనపడదు. సుమారు 10 డిగ్రీల ముక్క, అక్కడ కనీసం ఒక సెకను ఆగడం, తర్వాతి ముక్క.

ప్యాటర్న్‌లో ఏ మలుపు దగ్గర ఎటు చూడాలో మరీ ముఖ్యం. రన్‌వే 20కి ఎడమ డౌన్‌విండ్‌లో ఉన్నారనుకోండి. బేస్‌లోకి తిరగకముందు ఫైనల్ దారంతా మీకు ముందు ఎడమవైపున పరుచుకుని ఉంటుంది. రెక్కలు పైభాగాన ఉండే సెస్నాలో ఎడమకు వాలగానే ఆ ఎడమ రెక్కే కిందికి వచ్చి, తిరగబోయే దిక్కునంతా మూసేస్తుంది. కాబట్టి ముందు ఆ రెక్కను కొద్దిగా ఎత్తి చూసి, తర్వాతే వాలాలి. బేస్‌లోకి వచ్చాక నేరుగా వచ్చేవాళ్లంతా మీ కుడి కిటికీ వైపు ఉంటారు. అక్కడ ఎవరు కూర్చుంటారు? నేను. శిక్షణ విమానంలో నా తల, భుజం కలిసి ఒక జెట్‌ను సునాయాసంగా దాచగలవు. బేస్‌లో నేను సీటుకు చేరగిలబడి గడ్డం ఎత్తి కూర్చుంటే, విద్యార్థి ముందుకు వంగి నా ముందు నుంచి చూడాలి. ఒంటరిగా ఎగిరే రోజున కిటికీ ఖాళీగా ఉన్నా ఆ వంగడం మానొద్దంటాను. రేపు ఆ సీట్లో స్నేహితుడు కూర్చుంటాడు.

రెక్కలు కిందిభాగాన ఉండే విమానం పైన, రెక్కలు పైభాగాన ఉండే విమానం కింద, ఇద్దరూ ఫైనల్‌లో. ఇంతకంటే గుడ్డి జత లేదు. పైవాడికి కింద తన రెక్కే కనిపిస్తుంది, కిందివాడికి పైన తన రెక్కే.

ఏడీఎస్-బీ తెర గురించి అడుగుతారు, అంటే చుట్టుపక్కల విమానాలు ప్రసారం చేసే తమ స్థానాలను చూపించే తెర. మంచి సాధనమే. అయితే 2020 జనవరి 1 నుంచి దాని ప్రసారం తప్పనిసరి అయింది పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ, కొన్ని ఎత్తులకు పైన మాత్రమే. టవర్ లేని చాలా చోట్ల ఆ పరికరం లేని విమానాలు చట్టబద్ధంగానే తిరుగుతుంటాయి. తెర మీది స్థానం ఒకటి రెండు క్షణాలు వెనకబడి ఉండవచ్చు కూడా. 10 మైళ్ల నుంచి 3 మైళ్ల దాకా తెరను వాడుకోండి, ఆ లోపల కిటికీలోంచి చూడండి.

ఎవరు తగ్గాలి

నియమం స్పష్టమే. దిగడానికి ఫైనల్‌లో ఉన్నవారికి మిగతావారు దారివ్వాలి. ఇద్దరు దిగుతుంటే తక్కువ ఎత్తులో ఉన్నవారిది హక్కు, కానీ ఆ హక్కును అడ్డుపెట్టుకుని ముందున్నవారికి అడ్డంగా దూరకూడదు. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలి. నేరుగా ఫైనల్‌కు రావడం నిషిద్ధం కాదు. ప్యాటర్న్‌లో ఉన్నవారి వరుసను చెదరగొట్టకుండా రావాలి.

నా నియమం ఇంకాస్త సులువు. ఎవరికి తక్కువ కష్టమో వాళ్లే తగ్గాలి, అది కూడా నిమిషం ముందు. డౌన్‌విండ్‌లో ఉన్న 152 ఇంకో అర నిమిషం నేరుగా పోతే పోయేదేమీ లేదు; మబ్బుల్లోంచి బయటపడి నేరుగా వస్తున్న జెట్ పైలట్‌కు మళ్లీ చుట్టి రావడం పెద్ద తతంగం. అలాగని చిన్నవాళ్లే ఎప్పుడూ తగ్గాలని కాదు. మొదటిసారి ఒంటరిగా ఎగురుతున్న విద్యార్థి ప్యాటర్న్‌లో ఉన్నాడని తెలిస్తే, ఎన్ని ఇంజన్లున్న పెద్దమనిషైనా పక్కకు తప్పుకుని రెండు నిమిషాలు ఆగవచ్చు. తగ్గేవాళ్లు తగ్గుతున్నట్టు చెప్పాలి: "నేను డౌన్‌విండ్ పొడిగిస్తున్నాను, మీరు కానివ్వండి, మీ వెనక నేను." ఇద్దరూ మర్యాదకు పోయి ఇద్దరూ పొడిగించుకోవడం కూడా చూశాను.

డౌన్‌విండ్ పొడిగించినప్పుడు ముందున్న విమానం మీ పక్కగా వెనక్కి దాటిపోయేదాకా బేస్‌లోకి తిరగొద్దు. అది కనపడకపోతే అసలు తిరగొద్దు. డౌన్‌విండ్‌లో గుండ్రంగా 360 డిగ్రీలు తిరిగి ఆలస్యం చేద్దామన్న ఆలోచన వస్తే మానుకోండి, వెనకున్నవాడి మొహం మీదికే తిరుగుతారు. మరీ ఇరుకైతే ప్యాటర్న్ వదిలి బయటికి పోయి, 45 డిగ్రీల కోణంలో మళ్లీ మొదటి నుంచి రండి. ఫైనల్‌లో ఉండగా రన్‌వే మీద ఎవరైనా కనిపిస్తే దిగడం మానుకుని, పైకి లేస్తూ కొద్దిగా కుడికి జరగండి. ఎడమ సీట్లో కూర్చున్న మీకు కిందివాడు ఎడమ కిటికీలో కనిపిస్తూ ఉంటాడు. నేరుగా పైకి లేస్తే అతను ముక్కు కింద మాయమవుతాడు. అతనూ అప్పుడే ఎగురుతుంటే ఇక చెప్పేదేముంది.

ప్యాటర్న్‌లోకి చేరే పద్ధతి దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో రన్‌వే మీదుగా ఎత్తులో దాటి, ట్రాఫిక్ లేని వైపు దిగి చేరతారు. ఆస్ట్రేలియాలో ప్రత్యేక ఫ్రీక్వెన్సీ లేనిచోట 126.7 వాడతారు. పరాయి దేశంలో అద్దెకు విమానం తీసుకునే ముందు అక్కడి వాళ్లతో ఒకసారి ఎగరండి.

నేల మీద

రన్‌వే ఎక్కే ముందు, ఆగడానికి నేల మీద గీసిన గీత దగ్గర విమానాన్ని కాస్త అడ్డంగా తిప్పి ఆపండి, ఫైనల్, బేస్ రెండూ కనిపించేలా. రన్‌వే రెండో చివర కూడా చూడాలి. గాలి లేని రోజున ఇద్దరు చెరో చివర నుంచి ఎగరడానికి సిద్ధమవుతారు, రన్‌వే మధ్యలో ఎత్తుగా ఉంటే ఒకరికొకరు కనపడరు కూడా. ఎక్కాక ఇక ఆగొద్దు. చెక్‌లిస్టు చదువుతూ, ఫైనల్‌కు వీపు చూపిస్తూ రన్‌వే మీద కూర్చున్నవాళ్లను చూస్తే నాకు చెమటలు పడతాయి.

దిగాక తోక కూడా గీత దాటేదాకా రన్‌వే ఖాళీ అయినట్టు చెప్పకండి. ముక్కు పక్కదారి పట్టగానే చెప్పేవాళ్లు చాలామంది, ఆ మాట నమ్మి వెనకవాడు దిగుతాడు.

ఇన్ని చేసినా ఏదో ఒక రోజు ఎవరో ఒకరు మరీ దగ్గరికి వస్తారు. ఆ గొడవ రేడియోలో పెట్టుకోవద్దు. ఆ పది సెకన్ల తిట్ల కింద ఇంకెవరిదో బేస్ కాల్ నలిగిపోతుంది. దిగి, విమానం కట్టేసి, వెళ్లి మాట్లాడండి. ఎదుటివాడికి అసలు మీరు కనపడలేదని తెలియడం చాలాసార్లు అక్కడే. తర్వాత నాసా 1976 నుంచి నడుపుతున్న విమాన భద్రతా నివేదికల వ్యవస్థకు రాయండి. పేర్లు తీసేసి మిగతాది అందరికీ పనికొచ్చేలా భద్రపరుస్తారు. నియమ ఉల్లంఘన కావాలని చేయనిదై, ప్రమాదం కానిదైతే, 10 రోజుల్లో రాసినవారికి సాధారణంగా లైసెన్సు సస్పెన్షన్, జరిమానా తప్పుతాయి. ఆ గడువును ఉల్లంఘన జరిగిన రోజు నుంచి, లేదా అది మీకు తెలిసిన రోజు నుంచి లెక్కిస్తారు.